కొసరు అడిగితే తిట్టే గొంతు

విడవలూరు వీధుల్లో ధనలక్ష్మి గొంతు వినబడగానే ముందు పిల్లులు లేచేవి, ఆ తర్వాత మనుషులు లేచేవాళ్లు. "వంజరం... చందువా... నెత్తళ్లో..." అని ఆమె వీధి మొదట్లో ఎత్తుకుంటే వీధి చివరి ఇంట్లో చింతపండు నానేసేవాళ్లు. మంచి చేప దొరికిన రోజున ఆ పిలుపులో ఒక విరుపు ఉండేది. దాన్ని బట్టే కొందరు పచ్చి మామిడికాయ కోసం పక్కింటికి పరిగెత్తేవాళ్లు.

చిత్రమేమిటంటే, ధనలక్ష్మి పుట్టింట్లో గొంతే లేని పిల్ల. దొరవారిసత్రం వైపు, పులికాట్ ఒడ్డున ఒక పల్లెలో పుట్టింది. అక్కడ సరస్సు నీళ్లు చప్పుడు చెయ్యవు, మనుషులూ గట్టిగా మాట్లాడరు. మునెయ్యను పెళ్లి చేసుకుని, విడవలూరుకి తూర్పున సముద్రం ఒడ్డునున్న పాళేనికి కాపురానికి వచ్చాక, అత్త పేరమ్మ ఆమె తలమీద చేపల గంప పెట్టి వెంట తీసుకుపోయింది. కొత్త కోడలు "చేపలమ్మా" అని గొణిగితే పక్కనే నడుస్తున్న అత్తకు కూడా వినబడలేదు.

ఆ సాయంత్రం పేరమ్మ కోడల్ని ఒడ్డుకు తీసుకెళ్లింది. "నేను ఆ అవతల పడవ కాడ నిలబడతా. అలల మోత దాటి నాకు ఇనపడేట్టు అరువు. ఇనపడిన రోజు ఈ గంప నీది" అంది. ధనలక్ష్మి అరిచింది. అల వచ్చి ఆ అరుపును మింగేసింది. మళ్లీ అరిచింది. అలా ఎన్నో సాయంత్రాలు గడిచాక, ఒకనాడు దూరంగా పడవ పక్కన పేరమ్మ రెండు చేతులూ పైకెత్తి ఊపింది. అలలతో పోటీపడి నెగ్గిన గొంతు అది.

ఆ గొంతుతోనే ధనలక్ష్మి కూతురు ఉషను కావలిలో డిగ్రీ దాకా చదివించింది. గంప పోయి మోపెడ్ వచ్చింది. వెనక ఐసు పెట్టె వచ్చింది. అయితే ఏళ్ల తరబడి అరిచి అరిచి గొంతు బొంగురుపోతుంటే ఉష ఊరుకోలేదు. "అమ్మా, ఒక్కసారి బాగా పలుకు, చాలు" అని ఫోన్‌లో రికార్డు చేసి, మోపెడ్ ముందు చిన్న మైకు బిగించింది. ఇక ధనలక్ష్మి నోరు మూసుకుని బండి నడిపేది, ఆమె గొంతు ఆమెకంటే ముందు వీధిలోకి పోయేది. మొదట్లో ఆమెకు సిగ్గేసింది. తర్వాత ముచ్చటేసింది.

ఆ ముచ్చట్లోనే ఉష ఇంకో పని చేసింది. తల్లి చేపలు అమ్మడం, పిలవడం, బేరాలాడడం అంతా వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆ వీడియో ఎక్కడెక్కడికో పోయింది. హైదరాబాదులో ఉన్న నెల్లూరు వాళ్లు "మా ఊరి గొంతు" అని మురిసిపోయారు. విడవలూరు వాళ్లయితే వీడియో కిందే తమ ఫోన్ నంబర్లు పెట్టి, "ధనలక్ష్మక్కా, రేపు మాకు వంజరం తీసిపెట్టు" అని రాయడం మొదలుపెట్టారు. ధనలక్ష్మి వ్యాపారం బాగా పుంజుకుంది.

ఇలా ఉండగా ఒక పొద్దున ఆమె మోపెడ్ వెంకటశేషమ్మ ఇంటి ముందు ఆగింది. వెంకటశేషమ్మది మాగాణి రైతుల ఇల్లు. ధనలక్ష్మి గంప మోసే రోజుల నుంచి ఆమె దగ్గరే చేప కొంటుంది. ఎప్పుడూ పళ్లెం పట్టుకుని ఎదురొచ్చే మనిషి ఆ రోజు గేటు తియ్యలేదు. కమ్మీల సందులోంచి ధనలక్ష్మిని కింది నుంచి పైదాకా చూసింది.

"ఏందక్కా, అట్టా చూస్తుండావు? కానాగంత చేపలు మెరిసిపోతుండాయి, రా!"

"అదట్టుండనీ. కొసరేమిస్తావో ముందు జెప్పు."

ధనలక్ష్మికి ఒళ్లు మండింది. "కొసరా? ఇంకా బోణీ కాకముందే కొసరా? నిన్న దోసెడు నెత్తళ్లు గుంజుకున్నావు, మొన్న వంజరం తలకాయ గుంజుకున్నావు. ఇంక నన్నే ముక్కలు కోసి పులుసులో ఏసుకో పో!"

వెంకటశేషమ్మ ముఖం విప్పారింది. గేటు బార్లా తీసి, చేపల తడి చేతినే పట్టేసుకుంది.

"నువ్వేనే ధనం! నువ్వే! హమ్మయ్య!"

"నేను గాక ఇంకెవురు? నీకేమైంది అక్కా?"

అప్పుడు చెప్పింది వెంకటశేషమ్మ. ముందురోజు సాయంత్రం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే ధనలక్ష్మి గొంతు. అదే బొంగురు, అదే సాగదీత. "అక్కా, నేను ధనలక్ష్మిని. నా ఫోన్ నీళ్లలో పడిపోయింది. ఆసుపత్రిలో ఉన్నాను. మీ ఫోన్‌కి ఒక నంబరు వస్తుంది, కాస్త చదివి చెప్పండి" అంది ఆ గొంతు.

"నాకు గుండె జారిపోయిందే ధనం. నంబరు చదవబోయినా. అయితే ఇన్నేళ్ల అలవాటు కదా, నోట్లోంచి ఊరికే వచ్చేసింది, 'చెప్తాలే గానీ, రేపు కొసరు దోసెడు ఏస్తావా' అని. అదేమనిందో తెలుసా? 'మీకు ఎంత కావాలంటే అంత తీసుకోండి అక్కా' అనింది!"

ధనలక్ష్మి కళ్లు పెద్దవి చేసింది. "అంతమాటా?"

"అంతమాటే! కొసరడిగితే నవ్వుతా ఇచ్చే ధనలక్ష్మిని నేను ఈ జన్మలో జూళ్లా. 'ఎవురు నువ్వు' అని గట్టిగా అరిచినా. ఫోన్ పెట్టేసినారు."

ఇద్దరూ ఆ గేటు దగ్గరే పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక ధనలక్ష్మికి తక్కిన ఇళ్లు గుర్తొచ్చాయి. ఇలాంటి ఫోను ఇంకెంత మందికి పోయి ఉంటుంది?

ఆ రోజు ఆమె మైకు ఆపేసింది. ఇంటింటి ముందూ బండి ఆపి అడుగుతూ పోయింది. చాలామంది రాలేదన్నారు. ఇద్దరు ముగ్గురు వచ్చింది గానీ ఎత్తలేదన్నారు. టైలరు చెంచురామయ్య మాత్రం ఆమెను చూడగానే కుట్టు మిషను ఆపి లేచాడు.

"అమ్మా, నువ్వు బాగుండావా? ఆసుపత్రి నుంచి ఎప్పుడొచ్చినావు?"

ఆ ఒక్క మాటతో ధనలక్ష్మికి అర్థమైంది. ఆయన నంబరు చెప్పేశాడు. బ్యాంకులో డబ్బు తగ్గిన సంగతి ఇంకా ఆయన చూసుకోలేదు. ఆమె కావలిలో ఉన్న ఉషకు ఫోన్ చేసింది. ఉష అక్కడి నుంచే చెంచురామయ్యతో సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయించింది, ఆ వెంటనే బస్సెక్కి వచ్చేసింది. వేగంగా కదిలినందువల్ల డబ్బు దొంగ చేతికి పూర్తిగా చేరకముందే మధ్యలో ఆగింది. కొన్ని వారాల తర్వాత తిరిగి వచ్చింది కూడా. కానీ ఆ రోజు ఆ సంగతి ఎవరికీ తెలియదు.

"నన్ను క్షమించు అన్నా" అంది ధనలక్ష్మి.

"నువ్వేం జేసినావమ్మా? నీ గొంతు ఏడుస్తా అడిగితే నేనెట్టా చెప్పకుండా ఉంటా?" అన్నాడాయన.

ఆయన తిట్టి ఉంటే ఆమెకు అంత బాధ ఉండేది కాదు. తనంటే ఉన్న అభిమానాన్నే ఎవడో తాళం చెవిలా వాడుకున్నాడు. ఇంటికి వచ్చాక చాలాసేపు గడపలో కూర్చుంది. వస్తువు పోతే చోటు ఖాళీగా కనబడుతుంది. గొంతు తన దగ్గరే ఉంది, అయినా పోయింది. ఈ దొంగతనాన్ని ఏమనాలో ఆమెకు తెలియలేదు.

ఉష వచ్చీ రావడంతోనే ఏడ్చింది. "నా వల్లేనమ్మా. ఆ వీడియోలోంచే తీసుకుని ఉంటారు. కాసింత గొంతు దొరికితే చాలు, కంప్యూటరు దాంతో ఏ మాటైనా పలికిస్తుంది. తీసేస్తుండా, ఇప్పుడే తీసేస్తుండా."

"నువ్వు తీసేస్తే వాడి కాడ ఉండేది తిరిగి వస్తుందా? ఏడవబాక. ఇంకేమేం దొంగిలిస్తారో అది జెప్పు ముందు."

"రేపు ముఖం కూడా చేసేస్తారమ్మా. వీడియోలో నువ్వే కనపడతావు, నువ్వే మాట్లాడతావు."

"అట్టయితే ఇంక ముఖం జూసి గాదు, తిట్టు జూసి నమ్మాల" అంది ధనలక్ష్మి. ఉష కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వింది.

నవ్వులాటగా అన్న ఆ మాటే మర్నాటికి పనిగా మారింది. ధనలక్ష్మి ప్రతి ఇంటితోనూ ఒక గురుతు మాట పెట్టుకుంది. ఫోన్‌లో ఎవరు ఏమడిగినా, ఎంత తెలిసిన గొంతైనా, ముందు ఆ మాట పలకాలి. పలకకపోతే ఫోన్ పెట్టేసి, పాత నంబరుకి తామే తిరిగి చెయ్యాలి. మాట ఎంచుకోవడం పెద్ద పండగైంది. ఒకామె కట్టుకున్న మొగుడికి పెట్టుకున్న ముద్దుపేరు చెప్పి చెంగుతో ముఖం కప్పుకుంది. చెంచురామయ్య చాలాసేపు తల గోక్కుని, ఆమె చెవిలో ఒక మాట చెప్పి, తనే పడీపడీ నవ్వాడు. వెంకటశేషమ్మ ఎంచుకున్న మాటను పెద్దల ముందు పలకడానికి వీల్లేదు. ఏ ఇంటి మాట ఏదో ఇక్కడ రాయడం కుదరదు, రాస్తే మళ్లీ కొత్తవి పెట్టుకోవాలి.

విడవలూరులో మొదలైన ఈ ఆట పాళేనికి పాకింది. తల్లీ కూతుళ్లు, అన్నదమ్ములు, వియ్యంకులు కూడా గురుతు మాటలు పెట్టుకున్నారు. సంగతి అలా అలా మెరైన్ పోలీసుల చెవిన పడింది. ఎస్సై కరుణాకుమారి జీపులో పాళేనికి వచ్చింది. చిన్న వయసు, నవ్వు ముఖం. ధనలక్ష్మి ఇంటి ముందు బోర్లించిన తొట్టి మీద కూర్చుని మొత్తం కథ చెప్పించుకుని, కొసరు దగ్గరికొచ్చేసరికి టోపీ తీసి మరీ నవ్వింది.

"అక్కా, జువ్వలదిన్నె హార్బరులో మత్స్యకారుల మీటింగు పెడుతున్నాను. ఫోన్ల సంగతి మాట్లాడాలి. నేను చెబితే 'పోలీసులు ఇట్టాగే చెప్తారులే' అనుకుంటారు. మీరొచ్చి మీకు జరిగింది చెప్పండి."

"మైకు ముందరా మేడమ్? నేనా?"

"మీకు మైకు కొత్తా?" అంది కరుణాకుమారి.

మీటింగు రోజు చుట్టుపక్కల పాళేల నుంచి జనం ఆటోల్లో, పడవల్లో వచ్చారు. హార్బరు షెడ్డు కింద కుర్చీలు చాలక చాలామంది వలల కుప్పల మీద కూర్చున్నారు. ముందు కరుణాకుమారి మాట్లాడింది. "మునపటి రోజుల్లో దేశం మీదికి వచ్చేవాడు పడవెక్కి రావాల్సి ఉండేది. మీరు చూసి మాకు చెప్పేవాళ్లు. ఇకముందు వాడు రానక్కర్లేదన్నా. ఎక్కడో కూర్చుని మీ చేతిలో ఫోన్‌తోనే మన తీరమంతా చూడగలడు. ఏ పడవ ఎక్కడుంది, ఏది ఎప్పుడు బయల్దేరుతుంది అని స్నేహంగా అడుగుతాడు. మనింట్లో దొంగ పడకుండా చూసుకోవడం, దేశంలో దొంగ పడకుండా చూసుకోవడం ఇప్పుడు ఒకటే పని" అంది.

తర్వాత ధనలక్ష్మి లేచింది. కొసరు కథ ఎత్తుకుంది. షెడ్డంతా నవ్వులే నవ్వులు. అయితే మూడో వరసలో కూర్చున్న తన మొగుడు మునెయ్య మాత్రం నవ్వడం లేదని ఆమె గమనించింది. తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. మళ్లీ తుడుచుకుంటున్నాడు. చివరికి మెల్లగా లేచి నిలబడ్డాడు.

"మేడమ్... నాకొక స్నేహితురాలు ఉండాది" అన్నాడు.

మైకు ఇంకా ధనలక్ష్మి చేతిలోనే ఉంది.

"ఎవురయ్యా ఆమె?" అన్న ప్రశ్న హార్బరు మొత్తం మార్మోగింది. అవతల జెట్టీ మీద ఐసు దించుతున్నవాళ్లు కూడా పని ఆపి ఇటు చూశారు.

మునెయ్య ఆగి ఆగి చెప్పాడు. ఫోన్‌లో సాగరిక అనే ఆమె పరిచయమైంది. సముద్రమంటే ప్రాణమంది. చేపల ఫొటోలడిగింది, పంపాడు. పొద్దు పొడుపు ఫొటోలడిగింది, పంపాడు. తర్వాత తెల్లగా ఉండే గస్తీ బోటు బాగుంటుంది కదా, దాని నంబరు కనబడేట్టు తీసి పంపు అంది. రాకెట్ పోయే రోజు మిమ్మల్ని సముద్రంలోకి పోవద్దంటారు కదా, ఆ కబురు మీకు ముందే తెలుస్తుందా, ఎవరు చెబుతారు అని అడిగింది.

"పంపినారా?" అని అడిగింది కరుణాకుమారి. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"లేదు మేడమ్. బోటు దగ్గరికి పోతే మీవాళ్లు అరుస్తారని భయమేసి పోలా. రాకెట్ సంగతి ఏం రాయాలో తెలవక ఊరుకున్నా. ఇప్పుడు ఈమె చెప్తా ఉంటే... ఆ సాగరిక కూడా నేనేమడిగినా వెంటనే సరేననేది. ఒక్కసారి కూడా నన్ను తిట్టలా మేడమ్. ఆడే అనుమానమొచ్చింది."

కరుణాకుమారి నవ్వకుండా ఉండడానికి పెదవి కొరుక్కుంది. మునెయ్య దగ్గరికి వెళ్లి, "అందరి ముందు లేచి చెప్పినారు చూడండి, అది మామూలు ధైర్యం కాదన్నా" అంది.

ఇంతలో వలల కుప్ప మీది నుంచి నరసయ్య లేచాడు. మునెయ్య పడవలోనే వేటకు పోయే మనిషి.

"ఒరే మునెయ్యా, ఏ సాగరికరా? నీలం చీర, చెవికి పెద్ద రింగులా?"

"అవున్రా. నీకెట్టా తెలుసు?"

"నాకు గూడా పెట్టిందిరా, ఈ లోకంలో నువ్వొక్కడివే నన్ను అర్థం చేసుకున్నావని!"

ఆ వెనకే మాల్యాద్రి చెయ్యెత్తాడు. అతని వెనక ఇంకొకడు. అవతలి పాళెం నుంచి వచ్చిన పెంచల్ లేస్తూ లేస్తూ పక్కనున్న పెళ్లాం ముఖం చూసి మళ్లీ కూర్చోబోయాడు గానీ, ఆమే రెక్క పట్టి లేపింది. ఆడవాళ్ల వైపు నుంచి కేకలు, ఈలలు, శాపనార్థాలు. మగవాళ్లు ఒకరి ఫోన్‌లోకి ఒకరు తొంగిచూసుకుని, అందరికీ అదే మాట, అదే నీలం చీర అని తెలిశాక తమలో తామే నవ్వుకోవడం మొదలుపెట్టారు. హెచ్చరికతో మొదలైన మీటింగు పెళ్లివారి పందిరిలా తయారైంది.

ఆ తర్వాత పనులు గట్టిగానే జరిగాయి. పై ఆఫీసుల నుంచి మనుషులు వచ్చారు. ఫోన్లు కొన్నాళ్లు తీసుకుని ఇచ్చేశారు. ఎవరినీ కసరలేదు. సాగరిక అనేది ఎవరో, ఎక్కడ కూర్చుని ఆ నీలం చీర బొమ్మ వెనక నుంచి మాట్లాడారో పాళెంలో ఎవరికీ చెప్పలేదు. అడిగితే కరుణాకుమారి, "నాకూ అంతా చెప్పరక్కా. కానీ మీవాళ్లు లేచి చెప్పడం చాలా పనికొచ్చిందని కబురొచ్చింది" అంది.

ఇంట్లో ధనలక్ష్మి రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడోనాడు పులుసు వడ్డిస్తూ, "ఏవయ్యా, ఆమె పులుసు పెట్టడం తెలుసనిందా?" అని అడిగింది.

"తెలవదనింది" అన్నాడు మునెయ్య తల వంచుకుని.

"ఇంకేం స్నేహం అది, నీ మొహం" అంటూ ఇంకో ముక్క వేసింది. అక్కడితో ఆ సంగతి ముగిసింది. పేరమ్మ మాత్రం చాన్నాళ్లు కొడుకును "సాగరిక మొగుడా" అనే పిలిచింది.

నెల తిరక్కముందే కరుణాకుమారి మళ్లీ వచ్చింది. పెద్దవాళ్లు ధనలక్ష్మికి సన్మానం చేద్దామంటున్నారని, శాలువా కప్పుతారని చెప్పింది.

"ఈ ఉక్కలో శాలువా ఏం జేసుకునేది మేడమ్?" అని, ధనలక్ష్మి కాస్త తటపటాయించి అడిగింది. "మీరేమీ అనుకోనంటే ఒకటి అడుగుతా. మీ తెల్ల బోటులో మా ఆడోళ్లని ఒక్కసారి తిప్పుతారా?"

కరుణాకుమారి ఆశ్చర్యపోయింది. "మీది సముద్రం మీద బతికే ఊరే కదక్కా!"

"మగోళ్లు పోతారు మేడమ్. మా పాళెంలో ఆడోళ్లు పడవెక్కరు. ఒడ్డున నిలబడి చూడటమే. మా అత్త పుట్టి పెరిగింది ఈడే, ఈరోజు దాకా నీళ్ల మీదికి పోలా."

అనుమతులు తెచ్చుకోవడానికి కరుణాకుమారి నానా తిప్పలు పడింది. మొత్తానికి ఒక ఆదివారం పొద్దున పాళెం ఆడవాళ్లు జువ్వలదిన్నె జెట్టీ మీద నారింజరంగు లైఫ్ జాకెట్లు తగిలించుకుని నిలబడ్డారు. పేరమ్మకు జాకెట్ గడ్డం దాకా వచ్చింది. బోటులో ఫొటోలు తియ్యకూడదు కాబట్టి ఫోన్లన్నీ ఒడ్డునే మునెయ్య సంచిలో వేశారు. అన్ని ఫోన్లున్న సంచిని చంకన పెట్టుకుని అతను కాపలా కాస్తుంటే, ఆడవాళ్లు పేరు పేరునా అతనికి జాగ్రత్తలు చెప్పారు.

బోటు కదిలింది. మొదట కేకలు. తర్వాత ఒకరినొకరు పట్టుకోవడం. దక్షిణంగా చాలాదూరం పోయాక, ఒకచోట కరుణాకుమారి బోటు నెమ్మది చేయించి, "అదిగో, మీ ఊరు" అని చూపించింది.

సరుగుడు చెట్ల కింద ఒక సన్నటి గీత. దాని మీద అక్కడక్కడా రంగు చుక్కల్లా ఇళ్లు. అంత పెద్ద పాళెం అరచెయ్యి అడ్డం పెడితే కనబడకుండా పోతోంది.

"ఇంతేనా మనం?" అంది పేరమ్మ.

"పచ్చ చుక్క మాది!" అని ఎవరో అరిచారు. "కాదు, అది మాది, మీది కొబ్బరి చెట్టు పక్కన" అని ఇంకొకరు. అంతే, బోటులో పెద్ద గొడవ. ఏ చుక్క ఎవరి ఇల్లో తేలలేదు. డ్రైవరు చెవులు మూసుకున్నాడు. కరుణాకుమారి రైలింగ్ పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. ధనలక్ష్మి మాత్రం ఒడ్డు వైపు దొర్లుకుంటూ పోతున్న అలల్ని చూస్తూ ఉండిపోయింది. జీవితమంతా అవి తన మీదికి రావడమే చూసింది. ఇక్కడి నుంచి చూస్తే అవి ఇంటికి పోతున్న మందలా వీపులు చూపిస్తూ, నురగ కనబడకుండా, చప్పుడు లేకుండా పోతున్నాయి.

జెట్టీకి తిరిగి వచ్చాక మునెయ్య సంచి దింపి, పెళ్లాం చెయ్యి పట్టి పైకి లాగాడు.

"ఎట్టుంది?" అని అడిగాడు.

"అలలకి వీపులుంటాయని నాకెప్పుడూ చెప్పలేదేందయ్యా?" అంది ధనలక్ష్మి.

మునెయ్య సముద్రం వైపు చూశాడు. "మేం ఎప్పుడూ ముందుకు చూసుకుంటానే పోతాం కదే. తిరిగి చూసింది లేదు" అన్నాడు. వెనక ఆడవాళ్లు ఇంకా పచ్చ చుక్క గురించి వాదించుకుంటూ, జాకెట్లు విప్పకుండానే టీ కొట్టు వైపు నడుస్తున్నారు.